పదిహేడు

నిన్న పదహారు.
ఇవాళ పదిహేడు.

నరీన్‌లో నది గడ్డకట్టి నెల దాటింది.
మా జలమాపన కార్యాలయంలో పనీ గడ్డకట్టింది.
కొలతలు పంపే గేజీలన్నీ మంచు కింద నిద్ర.
సర్వర్‌ని ఏమీ అడిగేవాళ్లు లేరు.
నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది
బీరువా పక్కన, పాత తివాచీ ముక్క మీద.

తెర మీద మాత్రం లోడ్ పదిహేడు.

ప్రాసెసర్‌ని అడిగాను: నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఖాళీ.
డిస్కుని అడిగాను: దాని దీపం మిణుక్కుమనను కూడా లేదు.
మెమరీ సగం, ఎవరూ పరుచుకోని పరుపులా చుట్టే ఉంది.
నెట్‌వర్క్ తీగలో చీమ నడిచిన చప్పుడు లేదు.
చేతి తొడుగు తీసి
దాని వీపు మీద అరచెయ్యి ఆనించాను.
పదిహేడు బరువులు మోసే ఒంటికి చెమటైనా పట్టాలి కదా.
చల్లగా ఉంది.
జ్వరం లేదు, మూలుగు ఉంది.

మెదెర్‌బెక్ తలుపులోంచి తల పెట్టి
"ఆపి మళ్లీ పెట్టు బురుల్, దీనికింత ఆలోచనా" అన్నాడు.
పెట్టొచ్చు.
పెడితే సాయంత్రానికి సున్నా, తెల్లారేసరికి ఒకటి.
రోగమైతే ఇలా రోజుకొకటి చొప్పున ఎదగదు.
లోపలెవరో గోడ మీద గీతలు గీస్తున్నారు.

ఎవరు పని చేస్తున్నారని వెతుకుతున్నాను పొద్దుటినుంచీ.
పని చెయ్యలేక ఆగిపోయినవాళ్లని వెతకాలని
మధ్యాహ్నం రొట్టె తింటుంటే తట్టింది.

జాబితా తీశాను.
పదిహేడు ప్రాసెస్‌లు, ఒకటే స్క్రిప్ట్,
ప్రతిదీ రాత్రి రెండూ పదికి పుట్టింది,
ప్రతిదాని పక్కనా ఆ ఒక్క అక్షరం:
లేపితే లేవని నిద్ర.
చంపితే చావనిది కూడా. చంపి చూశాను, రెండుసార్లు.

ఒక్కొక్కటీ ఒక రోజు మంచు లెక్క చేత పట్టుకుని
అవతలి భవనంలోని పాత యంత్రం గడపలో నిలబడింది.
జవాబొచ్చేదాకా కదలొద్దని దానికి నేర్పారు.
ఆ యంత్రాన్ని పదిహేడు రోజుల కిందట
ఇనప సామాను లెక్కన తూకానికి అమ్మేశాం.
రసీదు మీద సంతకం నాదే.

ఎదురుచూపు కూడా ఈ కాటాలో తూగుతుందని
ఎప్పుడో చదివాను, పరీక్షలో రాశాను కూడా.
మార్కులు వచ్చాయి.

స్క్రిప్ట్ నెత్తిన ఒక పేరు ఉంది: శార్షెన్.
అట్‌బాషీలో ఇప్పుడు తేనెపెట్టెలు చూసుకుంటాడు.
ఫోన్ చేశాను.
"ఆగమని రాసింది నేనే" అన్నాడు.
"అప్పట్లో రోజూ కరెంటు పోయేది.
అవతలిది లేచేదాకా ఓపిక పట్టమన్నాను.
ఎంతసేపో రాయలేదు."
కాస్త దగ్గి, "ఎన్ని ఉన్నాయి?"
"పదిహేడు."
"అయితే ఒక్క రోజు లెక్కా పోలేదన్నమాట!"
ఆ గొంతులో సంతోషానికి ఏం చెప్పాలో తెలీక
ఫోన్ బల్ల మీద పెట్టి పనిలో పడ్డాను.

పాత యంత్రం చిరునామా నా లాప్‌టాప్‌కి తగిలించాను.
కాసేపు పోయినదాని పేరుకి నేను పలకాలి.
పదిహేడూ ఒక్కసారే అడిగాయి.
"మీరడిగేది ఇక్కడ లేదు" అంది నా లాప్‌టాప్.
ఆ మాట చాలు వాటికి.
లాగ్‌లో తలా ఒక తప్పు రాసి, వరసగా వెళ్లిపోయాయి.

ఒక నిమిషం సగటు చప్పున దిగింది.
అయిదు నిమిషాలది కొంచెం తటపటాయించింది.
పదిహేను నిమిషాల సగటు మాత్రం
నా టీ చల్లారిపోయాక కూడా
పదకొండు దగ్గర ఎవరినో లెక్కపెడుతూనే ఉంది.

"అది సరే" అంది బల్ల మీది ఫోన్,
"నదిలో మంచు రెండో మేకు దాటిందా?"

ఆయన ఇంకా ఉన్నాడని మరిచేపోయాను.
కిటికీ అద్దం మీది తెల్లటి పొర గోటితో గీకాను.
కనపడలేదు.
"ఉండండి, కిందికి దిగి చూసొస్తాను" అన్నాను
బూట్లు వెతుక్కుంటూ.

"ఉంటాను" అన్నాడు.